నీటి పేరు పెట్టుకున్న పువ్వు
(కమ్యూనిటీ రేడియో తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

ఎక్కడెక్కడో ఉండి ఈ కార్యక్రమం వింటున్న తెలుగువాళ్ళందరికీ కల్బా నుంచి నమస్కారం.

"కల్బా ఎక్కడండీ?" అని మీలో సగం మంది అడుగుతారని నాకు తెలుసు. దుబాయ్ అంటే అందరికీ తెలుసు. షార్జా అంటే క్రికెట్ గుర్తొస్తుంది. కల్బా ఆ షార్జా ఎమిరేటులోదే గానీ షార్జా పక్కన ఉండదు. హజర్ కొండలు దాటి ఇవతలికి రావాలి. ఫుజైరాకి దక్షిణంగా, ఒమాన్ సరిహద్దుకి ఆనుకుని, ఒమాన్ సింధుశాఖ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఊరి చివర ఖోర్ కల్బా అనే ఉప్పుటేరు, దాని చుట్టూ మడ చెట్లు. మాది బందరు. మా వైపు కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవులు చూసి పెరిగినవాణ్ణి. 1987లో ఇక్కడికి వచ్చిన మొదటి వారంలో ఆ చెట్లు చూసి, ఫరవాలేదు, ఇక్కడ బతకొచ్చు అనుకున్నాను.

ఇవాళ గులాబీల గురించి చెబుతాను. కోసిన గులాబీ వాడిపోకుండా ఎలా ఉంచాలి అన్నది విషయం. ఎడారి పక్కన కూర్చుని గులాబీ కబుర్లేమిటి అని నవ్వకండి. దీనికో కారణం ఉంది. అది కూడా చెబుతాను.

1992 మే నెలలో మా అమ్మ పోయింది. కబురు అందేసరికి నా పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది, యజమాని ఇంకో దేశంలో ఉన్నాడు. ఆ రోజుల్లో ఇలాంటి కథలు ఇంటికొకటి ఉండేవి కాబట్టి దాన్ని సాగదీయను. నేను వెళ్ళలేకపోయాను. అమ్మ పెరట్లో ఒక నాటు గులాబీ మొక్క ఉండేది. లేత గులాబీ రంగు, ఒత్తుగా రేకులు, చక్కని వాసన. పొద్దున్నే ఒక పువ్వు దేవుడికి, ఒకటి తన జడలోకి. మా అక్కయ్య ఆ మొక్క నుంచి ఒక పువ్వు కోసి, తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి బిగించి, దుబాయ్ వస్తున్న మా ఊరాయన చేతికిచ్చి పంపింది. బందరు నుంచి హైదరాబాదు, అక్కణ్ణుంచి బొంబాయి, అక్కణ్ణుంచి దుబాయ్, తరవాత ఎవరి బండిలోనో కల్బా. నాలుగు రోజులు పట్టింది. సంచి విప్పితే లోపల పువ్వు లేదు. నల్లటి జిగురు ముద్ద ఉంది.

ఆ రాత్రి కార్డు ఫోను దగ్గర వరసలో నిలబడి ఇంటికి ఫోను చేశాను. "పువ్వు చేరిందా తమ్ముడూ?" అంది అక్కయ్య. "చేరింది అక్కయ్యా, వాసన కూడా వస్తోంది" అన్నాను. అందులో ఎంత నిజముందో చివర్లో చెబుతాను. ముందు చరిత్ర.

గులాబీ అన్న మాట మనది కాదు, పారశీకం. ఆ భాషలో 'గుల్' అంటే పువ్వు, ముఖ్యంగా ఈ పువ్వే. 'ఆబ్' అంటే నీరు. రెండూ కలిస్తే 'గులాబ్', అంటే ఈ పువ్వు నుంచి తీసిన నీరు. మనం పన్నీరు అంటామే, అదన్నమాట. అంటే మనం పువ్వుని పువ్వు పేరుతో పిలవడం లేదండీ, పన్నీటి పేరుతో పిలుస్తున్నాం. పారశీకుల పన్నీరు మన దేశంలో అంతగా పేరు మోసింది. గుల్కంద్ కూడా ఆ ఇంటి మాటే. 'కంద్' అంటే చక్కెర. ఆ 'గులాబ్' అరబ్బులకి 'జులాబ్' అయింది, అది ఐరోపాకి వెళ్ళి ఇంగ్లీషులో 'జూలెప్' అనే తియ్యటి పానీయమైంది. ఒక పువ్వుని నిలవ చేసే పద్ధతి ఇన్ని భాషల్లోకి పాకింది.

ఎందుకు పాకింది? పువ్వు ప్రయాణం చెయ్యలేదు కాబట్టి. పడవ ప్రయాణం నెలల మీద నడిచే కాలంలో ఇరాన్‌లో కోసిన గులాబీ బాగ్దాదుకి కూడా తాజాగా చేరదు. కానీ బట్టీ పెట్టి తీసిన నీరు సీసాలో ఎంత దూరమైనా వెళుతుంది. తొమ్మిదో శతాబ్దంలోనే అల్ కిందీ అనే పండితుడు అత్తరులు, బట్టీ పట్టే పద్ధతుల మీద ఒక పుస్తకమే రాశాడు. పన్నీరు కనిపెట్టింది ఇబ్న్ సీనా అని చాలామంది చెబుతారు గానీ, ఆయన పుట్టింది 980లో. అప్పటికే ఈ వ్యాపారం బాగా నడుస్తోంది. 813 నుంచి 833 దాకా ఏలిన ఖలీఫా మామూన్‌కి ఇరాన్‌లోని ఫార్స్ ప్రాంతం ఏటా 30,000 సీసాల పన్నీరు కప్పంగా కట్టేదని ఇబ్న్ ఖల్దూన్ రాశాడు. ఆ ఫార్స్‌లో జూర్ అని ఒక ఊరు ఉండేది, ఇప్పటి ఫిరూజాబాద్. అక్కడి పన్నీటికి ఎంత పేరంటే, ఈనాటికీ అరబ్బులు ఈ గులాబీని 'వర్ద్ జూరీ' అంటారు. బందరు లడ్డు అన్నట్టు, ఊరి పేరు సరుక్కి అతుక్కుపోయింది.

ఇప్పుడు మన వైపు వద్దాం. 1442లో హెరాత్ నుంచి అబ్దుర్ రజాక్ అనే రాయబారి బయలుదేరాడు. హోర్ముజ్‌లో ఓడెక్కి మస్కట్, కల్హాత్ రేవుల మీదుగా కాలికట్ చేరి, 1443లో విజయనగరం వెళ్ళాడు. హోర్ముజ్ నుంచి మస్కట్ వెళ్ళాలంటే మా కల్బా ముందున్న ఈ సముద్రం మీదుగానే పోవాలి. అప్పుడు విజయనగరాన్ని ఏలుతున్నది రెండవ దేవరాయలు, మన శ్రీనాథుడికి కనకాభిషేకం చేయించాడని చెప్పుకునే ప్రౌఢదేవరాయలు. ఈ రాయబారి బజారు చూసి ఆశ్చర్యపోయి రాసిన సంగతుల్లో ఒకటి, గులాబీల అమ్మకం. ఎక్కడ చూసినా గులాబీలేనట. ఈ ఊరివాళ్ళకి అన్నం ఎంతో గులాబీ అంత, అది లేకుండా బతకలేరు అన్న అర్థం వచ్చేలా రాశాడు. గులాబీల దేశం నుంచి వచ్చినవాడు మన దగ్గర గులాబీలు చూసి నోరు తెరిచాడంటే ఆలోచించండి.

తేడా ఎక్కడుందంటే, వాళ్ళు పువ్వుని సీసాలోకి ఎక్కించారు, మనం ఆ పూటకి ఆ పూట తలలోకి ఎక్కించాం. మనకి నిలవ చెయ్యాల్సిన అవసరం లేదు. రేపు పొద్దున్న మళ్ళీ పూస్తుంది. తెల్లారగట్ల కోసి, మేదర బుట్టలో వేసి, తడిబట్ట కప్పి, ఎండెక్కేలోగా అమ్మెయ్యడం, మిగిలినవి అరిటాకులో చుట్టి నీడన పెట్టడం, అంతవరకే మన విద్య. ఒక్కరోజు బతికే పువ్వుకి అది చాలు.

తరవాత గోలకొండ కాలం. మా బందరు పేరు చూడండి. 'బందర్' అంటే పారశీకంలో రేవు. మచిలీపట్నం అసలు పేరైనా, ఊళ్ళో అందరూ బందరనే అంటారు. కుతుబ్ షాహీల వంశం ఇరాన్ నుంచి వచ్చిందే. పదిహేడో శతాబ్దంలో మా రేవు నుంచి ఓడలు బందర్ అబ్బాస్‌కి వెళ్ళేవి. షా అబ్బాస్ 1622లో ఇంగ్లీషు ఓడల సాయంతో పోర్చుగీసువాళ్ళ నుంచి హోర్ముజ్ లాక్కున్నాక ఎదిగిన రేవు అది. ఇక్కణ్ణుంచి కలంకారీ బట్టలు వెళ్ళేవి. అక్కణ్ణుంచి గుర్రాలు, ఎండు పళ్ళు, పన్నీరు వచ్చేవి. మా బందరుకీ ఆ బందర్‌కీ మధ్య నడిచిన ఓడలన్నీ ఈ ఒమాన్ సింధుశాఖలోంచే వెళ్ళాలి. పెడనలో ఇప్పటికీ అద్దుతున్న కలంకారీ పువ్వుల్లో ఆ పారశీకపు పోకడ కనిపిస్తుంది. అదీ ఒక రకం నిలవే కదండీ. గుడ్డ మీద అద్దితే పువ్వు వాడదు.

గులాబీని నిలవ చెయ్యడంలో ఇంకో మెట్టు మన దేశంలోనే ఎక్కారు. నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం పన్నీరు తయారు చేయిస్తుండగా, వేడి పన్నీటి మీద సన్నటి నూనె తెట్టు కనిపించిందట. దాన్ని జాగ్రత్తగా తీసి పోగుచేస్తే అత్తరు అయింది. అల్లుడు జహంగీర్ తన ఆత్మకథలో ఈ సంగతి రాసుకుని, అత్తగారిని మెచ్చుకున్నాడు. అత్తరు ఎందుకంత ఖరీదంటే, కిలో గులాబీ నూనె తియ్యాలంటే సుమారు 3,000 నుంచి 4,000 కిలోల పువ్వులు కావాలి.

ఈ బట్టీ ఎలా ఉంటుందో కళ్ళారా చూడాలని ఒక ఏప్రిల్‌లో నలుగురం కలిసి ఒమాన్ వెళ్ళాం. నిజ్వా దగ్గర జబల్ అఖ్దర్ అనే కొండ. సుమారు 2,000 మీటర్ల ఎత్తు. కింద చెమటలు, పైన చల్లగాలి. మెట్లు మెట్లుగా కట్టిన మళ్ళలో గులాబీ తోటలు. మార్చి చివరి నుంచి మే సగం దాకా పూలకాలం. తెల్లవారుజామునే కోస్తారు, ఎండ తగిలితే వాసన గాలిలో కలిసిపోతుందని. మట్టిపొయ్యి మీద రేకులు నింపిన కుండ. లోపల ఇంకో చిన్న రాగి గిన్నె. పైన మూతగా చన్నీళ్ళు పోసిన రాగి పళ్ళెం. ఆవిరి లేచి, చల్లటి పళ్ళెం అడుగున తగిలి, చుక్కలై లోపలి గిన్నెలో పడుతుంది. అంతే. కట్టెల పొగ కలిసి ఆ పన్నీటికి కాస్త పొగచూరిన వాసన ఉంటుంది. దాన్ని కొన్ని వారాలు అలా ఉంచి తేర్చి సీసాలకెత్తుతారు. ఇక్కడి అరబ్బు ఇళ్ళలో అతిథికి కాఫీ ఇచ్చాక 'మురష్' అనే బుడ్డితో ఆ నీళ్ళు చిలకరిస్తారు. మన పెళ్ళిళ్ళలో గుమ్మం దగ్గర పన్నీరు బుడ్డి పట్టుకుని నిలబడే అమ్మాయి గుర్తొచ్చిందా? ఆ బుడ్డికి ఈ బుడ్డి అక్కయ్యే.

మరి అసలు పువ్వు ప్రయాణం ఎప్పుడు మొదలైంది? విమానం వచ్చాక. ఇక్కడ మా కల్బా చరిత్ర ఒకటి చెప్పాలి. 1932లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వాళ్ళ విమానాలు షార్జాలో దిగడం మొదలైంది, ఇంగ్లండు నుంచి ఇండియా వెళ్ళే దారిలో. కొండలకి ఇవతల, ఆపద సమయంలో దిగడానికి ఒక మైదానం కావాల్సి వచ్చింది. ఆ మైదానం కోసం బ్రిటిషువాళ్ళు 1936లో కల్బాని వేరే రాజ్యంగా గుర్తించారు. షేక్ సయీద్ బిన్ హమద్ దాని పాలకుడు. ఆయన ఇల్లు ఇప్పుడు ప్రదర్శనశాల. 1952లో కల్బా మళ్ళీ షార్జాలో కలిసిపోయింది. అంటే సుమారు 16 ఏళ్ళు ఈ ఊరు ఒక దేశం, ఒక విమాన మైదానం పుణ్యమా అని!

విమానం ఒక్కటీ చాలదు, చలువ కావాలి, పువ్వు ఎందుకు వాడుతుందో తెలియాలి. అది తెలిసిన కథ తమాషాగా ఉంటుంది. వీధుల్లో గ్యాసు దీపాలున్న రోజుల్లో, ఆ గ్యాసు పారే చోట మొక్కలు పాడయ్యేవి. 1901లో నెల్యుబోవ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు ఆ గ్యాసులో ఉన్న ఎథిలీన్ దీనికి కారణమని తేల్చాడు. 1908లో షికాగోలో క్రాకర్, నైట్ అనే ఇద్దరు, కార్నేషన్ పువ్వులు ముడుచుకుపోవడానికీ అదే కారణమని చూపించారు. పండే పళ్ళు కూడా ఎథిలీన్‌ని వదులుతాయని ఆ తరవాత తెలిసింది. 1990ల్లో అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో సిస్లర్, బ్లాంకెన్‌షిప్ అనేవాళ్ళు దాన్ని అడ్డుకునే మందు కనిపెట్టారు. ఇవాళ కెన్యాలో నైవాషా సరస్సు దగ్గర కోసిన గులాబీ చలవ పెట్టెల్లో గల్ఫుకి వస్తుంది. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న హోసూరు నుంచి తాజ్‌మహల్ రకం ఎర్రగులాబీలు విదేశాలకు ఎగుమతవుతాయి. మూడొందల ఏళ్ళ కిందట నీరుగా వెళ్ళింది, ఇవాళ పువ్వుగానే వెళుతోంది.

సరే, ఇంట్లో ఏం చెయ్యాలో చెప్పమని మా శ్రీమతి సైగ చేస్తోంది. రాసుకోండమ్మా.

పువ్వు తేగానే కాడ చివర అంగుళం మేర ఏటవాలుగా కొయ్యండి, నీళ్ళలో ముంచి కోస్తే ఇంకా మంచిది. గాలి బుడగ కాడలోకి దూరితే నీళ్ళు పైకెక్కవు. అప్పుడు పువ్వు మెడ వాల్చేస్తుంది, మనం పువ్వు పాడైందనుకుంటాం. అలా వాలిపోయిన పువ్వుని కాడ మళ్ళీ కోసి, గోరువెచ్చని నీళ్ళలో గంటసేపు పడుకోబెడితే చాలాసార్లు లేచి నిలబడుతుంది. నీళ్ళలో మునిగే ఆకులు తీసెయ్యండి, కుళ్ళేది అవే. జాడీ సబ్బుతో కడగండి. లీటరు నీళ్ళకి ఒక పెద్ద చెంచా పంచదార, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం. పంచదార పువ్వుకి తిండి, నిమ్మరసం నీళ్ళని పుల్లగా ఉంచి సూక్ష్మజీవుల్ని కాస్త అదుపులో పెడుతుంది. ఒక్క పంచదారే వేస్తే పువ్వుకన్నా ముందు సూక్ష్మజీవులే తింటాయి. రెండు రోజులకోసారి నీళ్ళు మార్చి కాడ మళ్ళీ కొయ్యండి. ఏసీ గాలికి ఎదురుగా పెట్టకండి. అన్నిటికన్నా ముఖ్యం, పువ్వుల పక్కన మాగిన అరటిపళ్ళు, మామిడిపళ్ళు పెట్టకండి. మన పూజ పళ్ళెంలో మనం చేసే పని సరిగ్గా అదే! రాత్రికి ఫ్రిజ్‌లో పెట్టొచ్చు గానీ యాపిల్ పళ్ళున్న అరలో వద్దు.

ఎండబెట్టి దాచుకోవాలంటే తలకిందులుగా, చీకటిగా, పొడిగా ఉన్నచోట వేలాడదియ్యండి. కల్బాలాంటి సముద్రపు తేమ ఉన్న ఊళ్ళలో అది బూజు పడుతుంది. అక్కడ సిలికా జెల్ గుళికలు డబ్బాలో పోసి, పువ్వు చుట్టూ మెల్లగా నింపి, మూతపెట్టి వారం ఉంచండి. రంగు కాస్త ముదురుతుంది, ఆకారం నిలుస్తుంది. వాసన మాత్రం నిలవదు.

ఇప్పుడు మా అక్కయ్య పంపిన పువ్వు సంగతి. అన్నీ చదువుకున్నాక తెలిసింది, ఆ పువ్వుని చంపింది నిర్లక్ష్యం కాదు, ప్రేమే. తడిగుడ్డ, దాని మీద గాలి ఆడని సంచి, మే నెల ఎండ. బూజుకి అంతకన్నా ఏం కావాలి? పువ్వు ఆరిపోతుందేమోనని అక్కయ్య తడిపింది. పొడిగా పంపి ఉంటే ఎండిపోయినా రేకులు దక్కేవి.

ఆ సాయంత్రం సంచి చేతిలో పట్టుకుని గది బయట కూర్చుంటే, పక్క కొట్టు హాజీ చూశాడు. ఆయనది సముద్రం అవతల ఇరాన్ ఒడ్డు. చిన్నప్పుడే పడవ మీద ఇటు వచ్చేశాడు. ఉర్దూలో అడిగాడు, నేను చెప్పాను. ఆయన లోపలికెళ్ళి పన్నీరు సీసా తెచ్చి నా రుమాలు మీద పోశాడు. "భాయ్, గులాబీ సముద్రం దాటదు. దాని నీళ్ళు దాటతాయి. మా అమ్మ కూడా అక్కడే ఉండిపోయింది" అన్నాడు. ఇద్దరం ఇంకేం మాట్లాడుకోలేదు. ఫోను దగ్గరికి వెళ్ళింది ఆ రుమాలు జేబులో పెట్టుకునే. వాసన వస్తోందన్నమాట అబద్ధం కాదు. పువ్వు చేరిందన్నదే అబద్ధం.

అక్కయ్యకి ఆ మాట ఇప్పటిదాకా చెప్పలేదు. ఇన్నేళ్ళూ ఎవరొచ్చినా "మా తమ్ముడికి అమ్మ పువ్వు పంపాను, చెక్కుచెదరకుండా చేరింది" అని చెబుతూనే ఉంది. ఈ ప్రసంగం అక్కయ్య వింటుంది, వాళ్ళబ్బాయి వినిపిస్తాడు. అక్కయ్యా, పువ్వు చేరలేదు. నువ్వు పంపావన్నది చేరింది. కోప్పడకు.

చివరిగా ఒక్క మాట. గులాబీని నిలవ చెయ్యడానికి పన్నీరు, గుల్కంద్, అత్తరు, చలవ పెట్టె, ఇన్ని దారులు చెప్పాను. వీటన్నిటికన్నా పాతది కొమ్మ నాటడం. పేరున్న గులాబీ రకం ఏదైనా సరే, తోట తోటకీ కొమ్మ ద్వారానో అంటు ద్వారానో వెళ్ళిన ఒకే ఒక్క మొక్క. విత్తనంతో ఆ రకం రాదు. మా బందరు ఇల్లు అమ్మేసినప్పుడు అక్కయ్య అమ్మ మొక్క నుంచి కొమ్మలు కోసి రెండు కుండీల్లో గుచ్చింది. ఒకటి చచ్చిపోయింది, ఒకటి బతికింది. ఇప్పుడది విజయవాడలో ఆవిడ డాబా మీద పూస్తోంది. దాన్ని కల్బా తేవాలంటే మొక్కల ఆరోగ్య పత్రాలు, అనుమతులు కావాలి. సూట్‌కేసులో దాచి తేవడం తప్పు, మీరూ ఆ పని చెయ్యకండి. అందుకే తేలేదు. సెలవుకి వెళ్ళినప్పుడు పొద్దున్నే డాబా ఎక్కి, ఆ పువ్వు కొయ్యకుండా, వంగి వాసన చూసి వస్తాను.

మీ ఇళ్ళలో అమ్మలు, అమ్మమ్మలు పెంచిన మొక్కలుంటే, ఇల్లు అమ్మే ముందు ఒక్క కొమ్మ ఎవరికైనా ఇచ్చి వెళ్ళండి. ఇల్లు తిరిగి కొనుక్కోవచ్చునేమో గానీ, ఆ మొక్క దొరకదు.

ఉంటాను మరి. సెలవు.